పైన్‌వుడ్ డెర్బీ కారు: తిన్నగా పోవాలా, పట్టీకి ఆనుకుని పోవాలా?

తిన్నని_దారి:
మా అబ్బాయి కబ్ స్కౌట్ ప్యాక్‌లో (చిన్నపిల్లల స్కౌట్ దళం) పైన్‌వుడ్ డెర్బీ, అంటే చిన్న చెక్క కార్లను వాలు ట్రాక్ మీద వదిలే రేసు, దగ్గర పడింది. కారు బరువు 5 ఔన్సులకు తెచ్చాం, చక్రాలకు రాపిడి తగ్గించే గ్రాఫైట్ పొడి పట్టించాం. ఇక అలైన్‌మెంట్, అంటే చక్రాల దిశ సరిచేయడం, మిగిలింది. ముందు చక్రం ఒకదాన్ని కావాలనే కాస్త తిప్పి, ట్రాక్ మధ్యలో ఉండే పట్టీని తాకుతూ పోయేలా పెట్టమని చాలామంది చెప్తున్నారు. నాకిది మింగుడు పడటం లేదు. ఇంజను లేని బండి అది. వాలు దిగుతూ తెచ్చుకున్న వేగమే దానికున్న ఆస్తి. దాన్ని చేతులారా రాపిడికి అప్పగించడం ఎందుకు?

గ్రాఫైట్_చేతులు:
నూటికి నూరుపాళ్లు తిన్నగా పోయే కారు ఉండదండీ. చక్రానికీ దానికి ఇరుసుగా ఉండే మేకుకీ మధ్య సందు లేకపోతే చక్రమే తిరగదు. ఆ సందు వల్ల కారు కొంత దూరం పోయాక ఎటో ఒకవైపు జరిగి పట్టీకి కొట్టుకుంటుంది, రెండోవైపుకు పోయి మళ్లీ కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా వెనక భాగం ఊగుతుంది, వేగం అక్కడే పోతుంది. తాకడం ఎలాగూ తప్పదు కాబట్టి ఒకే చక్రం, మెత్తగా, చివరిదాకా తాకడం మేలు.

ఇంతకంటే ముఖ్యం వెనక చక్రాలు. ఆ మేకుల్ని రెండున్నర, మూడు డిగ్రీలు వంచి చక్రాల పైభాగం లోపలికి వాలేలా పెట్టండి. అప్పుడు చక్రం నునుపు చేసిన మేకు తలవైపు జరిగి అక్కడే ఉంటుంది, కారు చెక్కను రాసుకోదు. కారును బల్ల మీద ముందుకూ వెనక్కూ దొర్లించి చూడండి. రెండుసార్లూ చక్రాలు మేకు తలల దగ్గరే ఉండాలి. ఒకవైపు దొర్లిస్తే చెక్కకు చేరుతున్నాయంటే ఇరుసు అడ్డంగా కూర్చుందన్నమాట. ఇది సరిచేయకుండా ముందు చక్రం జోలికి వెళ్లకండి.

నియమాల_పుస్తకం:
కొన్ని ప్యాక్‌లు మేకులు వంచడానికి ఒప్పుకోవు, ముందు మీ నియమాలు చూడండి. నా అభ్యంతరం మరోటి కూడా ఉంది. 1953లో డాన్ మర్ఫీ కాలిఫోర్నియాలో దీన్ని మొదలుపెట్టింది సోప్‌బాక్స్ డెర్బీకి (పిల్లలే ఎక్కి ఇంజను లేని బండ్లను వాలులో నడిపే రేసు) వయసు చాలని కొడుకు కోసం. డిగ్రీల లెక్కల్లోకి దిగితే కారు తండ్రిదైపోతుంది, పిల్లవాడు పక్కన నిలబడి చూస్తాడు.

గ్రాఫైట్_చేతులు:
నియమాల మాట ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. వంచిన మేకు తల మీద గాడి కోసి ఇస్తే పిల్లవాడే దాన్ని స్క్రూడ్రైవర్‌తో తిప్పి చక్రం దిశ మారుస్తాడు. కారు ఎంత పక్కకు జరిగిందో స్కేలుతో తనే కొలుస్తాడు. కారణం, ఫలితం రెండూ కళ్లముందే కనిపించే పని ఈ కారులో ఇంకోటి లేదు.

తిన్నని_దారి:
వెనక చక్రాల సంగతి నచ్చింది, వంచడానికి మా ప్యాక్‌లో అడ్డు లేదు. ముందు చక్రం ఎంత తిప్పాలి?

గ్రాఫైట్_చేతులు:
చదునైన బల్ల మీద 4 అడుగులు దొర్లితే పట్టీవైపు 4 అంగుళాలు జరిగేలా మొదలుపెట్టి, తగ్గించుకుంటూ రండి. ట్రాక్ మీద ఊగడం మొదలైతే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. బరువు మరీ వెనక ఉంటే ముక్కు తేలికై ఊగుతుంది, అలాంటి కారుకు ఇంకాస్త ఎక్కువ తిప్పాలి.

నియమాల_పుస్తకం:
ట్రాక్ అతుకుల దగ్గర పట్టీ ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం, అదేపనిగా ఆనుకున్న చక్రం అన్ని అతుకులకీ తగులుతుంది. అలాంటి ట్రాక్ మీద నేను ఇప్పటికీ తక్కువ తిప్పిన కారువైపే.