ట్రాఫిక్ కెమెరా నడిపే కంపెనీకి చలానాను బట్టి డబ్బు ఇవ్వవచ్చా?

అలిపిరి డ్రైవర్: ఫోనుకు చలానా రాని డ్రైవరు మా స్టాండులో లేడు. తప్పు చేస్తే కడతాం. కానీ కెమెరాలు నడిపే కంపెనీకి చలానాల సంఖ్యను బట్టి రాబడి ఉండకూడదు. నెలకు ఇంతని కిరాయి ఇస్తే చాలు. అమెరికాలోని షికాగోలో రెడ్‌ఫ్లెక్స్ అనే కెమెరాల కంపెనీ దగ్గర లంచాలు తిన్న నగర అధికారికి 2016లో పదేళ్ల జైలు పడింది. అంతకు రెండేళ్ల ముందు అక్కడే, ఎర్ర దీపానికి ముందు పసుపు దీపం 3 సెకన్ల కంటే రవ్వంత తక్కువ వెలిగినా, సిగ్నల్ దాటినవాళ్లకు చలానా చెల్లుతుందని లెక్క మార్చి, 77 వేల చలానాలు పంపారు. ఒక్కొక్కటి 100 డాలర్లు. దానివల్ల ఎవరి ప్రాణం నిలిచింది?

చంద్రగిరి టీచర్: అన్నా, షికాగో సంగతి సరే. భాకరాపేట ఘాట్‌లో 2022లో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది. ఆ వార్త విన్నాక కూడా జరిమానాలు ఎక్కువంటే నేను ఒప్పుకోను. హెల్మెట్ లేకపోతే జరిమానా 100 రూపాయలు ఉన్నన్నాళ్లూ ఎవరు లెక్కచేశారు? 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ దాన్ని 1,000 చేసింది, తాగి నడిపితే 10,000. ఖజానాకు ఎంత చేరుతుందన్నది తర్వాత చూద్దాం. ముందు భయం ఉండాలి.

పాకాల మెకానిక్: జరిమానా పెరగగానే రోడ్డు పక్కన హెల్మెట్ల గుట్టలు వెలుస్తాయి. ఐఎస్ఐ ముద్ర లేనివి అమ్మకూడదని 2021 జూన్ నుంచి నిబంధన ఉంది. మా షాపుకు వచ్చేవాటిలో చాలావాటి పట్టీ ఒక్క గుంజుకు ఊడొస్తుంది, లోపలి థర్మోకోల్ బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది. అవి చలానాను ఆపుతాయి, తలను కాపాడవు. అమ్మేవాడిని పట్టుకోరేం?

అలిపిరి డ్రైవర్: టీచర్ గారూ, భయం ఉండాలన్న మాట నిజమే. తిరుమల ఘాట్‌లో సమయం వేసిన చీటీ ఇస్తారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40. ముందుగా చేరితే జరిమానా. నియమం అందరికీ ముందే తెలుసు, అందుకే దానిమీద మాకు కోపం లేదు. పట్టణంలోనూ అంతే ఉండాలి. కెమెరా ఉన్నచోట ముందుగా బోర్డు పెట్టాలని, 15 రోజుల్లోపు నోటీసు పంపాలని 2021 ఆగస్టులో కేంద్రమే నిబంధన తెచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులో బైకుల బకాయి చలానాలపై 80 శాతం తగ్గింపు ఇచ్చారు. భద్రతే లక్ష్యమైతే తగ్గింపు మేళా ఎందుకు పెడతారు?

చంద్రగిరి టీచర్: ఘాట్‌లో వేగంగా దిగివచ్చి, గేటుకు ముందు మలుపులో బండి ఆపి గడియారం చూసుకుంటూ కూర్చునేవాళ్లను నేను చూశాను. నియమం తెలిసినంత మాత్రాన బుద్ధి రాదు. కానీ తగ్గింపు గురించి మీరన్నది సబబే. దాంతో నిజాయితీగా కట్టినవాళ్లకే నష్టం.

పాకాల మెకానిక్: ఇంకొకటి. టీచర్ గారు చెప్పిన మోటారు వాహనాల చట్టంలోనే 198ఎ సెక్షన్ ఉంది. రోడ్డు నిర్మాణంలో లోపంవల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. బైకువాళ్లకు ఫొటోతో చలానా వస్తుంది, గుంత తవ్వి వదిలేసినవాడికి ఏ కెమెరా ఉంది?

అలిపిరి డ్రైవర్: సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాను. కెమెరాల ఒప్పందంలో కంపెనీకి డబ్బు ఏ లెక్కన ఇస్తున్నారో బయటపెట్టాలి, వసూలైన జరిమానాల్లో రోడ్ల మరమ్మతుకు ఎంత పెట్టారో ఏటా ప్రకటించాలి. పాకాల అన్నా, మీ 198ఎ కూడా చేరుస్తాను. టీచర్ గారూ, మీరూ సంతకం పెడతారా?

చంద్రగిరి టీచర్: పెడతాను. జరిమానా తగ్గించమని మాత్రం అందులో రాయకండి.