అప్‌డేట్: బెంగళూరు వదిలి మదనపల్లెకి వచ్చేశాం

మారతహళ్లి ట్రాఫిక్‌తో విసిగిపోయి, మదనపల్లెకి మారిపోదామా అని అప్పుడు అడిగాను కదా. చాలామంది దానికి బదులు మైసూరు చూసుకోమన్నారు. ఒకాయన మాత్రం "ఇల్లు కొనకండి, ముందు అద్దెకుండి చూడండి" అన్నారు. ఆయన మాటే విన్నాం.

ఎండలకి భయపడ్డాం గానీ, ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉండటంతో కడప వేడి లేదు. అత్తమ్మకి బాగా నచ్చింది. పెద్ద టమాటా మార్కెట్ ఉంది కదా, చవగ్గా దొరుకుతాయనుకోకండి. ధర లేచిందంటే ఇక్కడా లేచినట్టే.

ఆఫీసు సంగతే తేలలేదు. బెంగళూరుకి చింతామణి మీదుగా సుమారు 120 కిలోమీటర్లు. హోస్కోటె దాకా హాయిగా వచ్చేస్తాం, బెంగళూరులోకి అడుగుపెట్టే కేఆర్ పురం దగ్గరే ట్రాఫిక్‌లో ప్రాణం పోతుంది. రైలెక్కుదామంటే మదనపల్లె రోడ్డు స్టేషన్ ఊళ్లో లేదు, దూరంగా సీటీఎం అనే ఊళ్లో ఉంది. మీటింగుల మధ్యలో కరెంటు పోతోందని ఇన్వర్టర్ పెట్టించాం.

మేం లెక్కేసుకోనిది చుట్టాల్ని. ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరు దిగుతారు. మా ఆవిడకి అదే ఇష్టం, నాకింకా అలవాటు కాలేదు.

బెంగళూరు ఫ్లాట్ మాత్రం ఇంకా ఖాళీ చేయలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ గురించి మేనేజర్ మెయిల్లో రాసిచ్చాకే ఆ పని.