చర్చ: జాతివివక్ష మీద వచ్చే యువతరం నవలల్లో బాధిత పాత్ర చివరికి గొంతెత్తి తీరాలా?

గ్రంథపాలిక:

అమెరికాలో ఒక ఉన్నత పాఠశాల గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. పదిహేనేళ్ల నల్లజాతి అమ్మాయి ఒకతె, యాంజీ థామస్ 2017లో వెలువరించిన ‘ద హేట్ యు గివ్’ నవలను తిరిగి ఇవ్వడానికి వచ్చి, పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది కాని దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. “స్టార్ మాట్లాడింది. నేను ఆ రోజు ఏమీ అనలేదు” అంది. ఏ రోజని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నవల చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. పదహారేళ్ల స్టార్ కార్టర్ నల్లవారు ఉండే పేటలో పెరుగుతూ, దాదాపు అందరూ తెల్లవారే ఉన్న ప్రైవేటు బడిలో చదువుతుంటుంది. ఒక రాత్రి చిన్ననాటి స్నేహితుడు ఖలీల్‌తో కారులో వస్తుండగా ఒక పోలీసు ఆపుతాడు, ఆయుధమేదీ లేని ఖలీల్‌ను ఆమె కళ్లెదుటే కాల్చి చంపుతాడు, కారులో ఉన్న తల దువ్వుకునే బ్రష్షును తుపాకీ అనుకున్నానంటాడు. అక్కడి నుంచి నవల అంతా స్టార్ నోరు విప్పడం వైపే సాగుతుంది. ఈ తరహా నవలల్లో నేను చదివిన చాలావాటి నడక ఇదే.

దెబ్బ తిన్నవాళ్లే సాక్ష్యమూ చెప్పాలి, తెగువా చూపాలి, చదివేవారికి దారీ చూపాలి అని కథ పట్టుబట్టినప్పుడు, మౌనంగా ఉండిపోయిన పిల్ల అందులో తనను వెతుక్కుంటే ఆమెకు పిరికిదాని పాత్రే మిగులుతుందన్నది నా అభ్యంతరం. స్టార్ బడిలో తెల్ల పిల్లలు ఖలీల్ పేరు చెప్పి నిరసన అంటూ బయటికి నడుస్తారు, వాళ్లకు కావలసింది తరగతి ఎగ్గొట్టడం. నష్టమేమీ లేనివారికి గొంతు ఎంత సులువుగా లేస్తుందో అంత బాగా చూపించిన రచయిత్రి కూడా, చివరికి వీధి నిరసనలో మాట్లాడడానికి మెగాఫోన్‌ను తెచ్చి ఆ పదహారేళ్ల పిల్ల చేతిలోనే పెట్టింది. పెట్టకపోతే నవల పూర్తి కాదా?

నిప్పురవ్వ:

గ్రంథపాలిక గారూ, మీ బాధ నాకు అర్థమైంది కాని, మీరు ఆ నవలను చివరి ఘట్టం నుంచి వెనక్కి చదువుతున్నారని నా అభిప్రాయం. స్టార్ మొదట ఏం చేసింది? ఖలీల్ ఎవరో తనకు తెలియదని బడిలో స్నేహితుల దగ్గర బొంకింది. ఆ తర్వాత ముఖం కనిపించకుండా టీవీలో మాట్లాడింది. ఆ పైన గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) ముందు సాక్ష్యం చెప్పింది, అది విన్నాక కూడా గ్రాండ్ జ్యూరీ ఆ పోలీసు మీద అభియోగం మోపలేదు. మెగాఫోన్ వచ్చేది ఇవన్నీ అయ్యాకనే. గొంతెత్తితే న్యాయం జరుగుతుందని ఆ నవల ఎక్కడా మాట ఇవ్వలేదు.

పిల్లల మీద అంత భారం మోపడం కల్పనలో మాత్రమే జరిగే పని అన్నట్టు కూడా మీ మాటల్లో ధ్వనిస్తోంది. వర్జీనియాలోని ఫార్మ్‌విల్‌లో, నల్లపిల్లల బడి 180 మంది కోసం కట్టినది, 1951 నాటికి అందులో 450 మందికి పైగా ఉన్నారు, చోటు చాలక తారుకాగితం కప్పిన పాకల్లో పాఠాలు జరిగేవి. ఆ ఏడాది ఏప్రిల్ 23న పదహారేళ్ల బార్బరా జాన్స్, ప్రధానోపాధ్యాయుడిని ఒక అబద్ధపు ఫోన్ కబురుతో బయటికి పంపించి, పిల్లలందరినీ సమావేశపరచి సమ్మెకు నడిపించింది. అక్కడి దావా, బడుల్లో నల్లవారిని, తెల్లవారిని వేరుచేయడాన్ని కొట్టివేసిన 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు దావాల్లో ఒకటి. ఇటువంటి పిల్ల చరిత్రలో ఉన్నప్పుడు నవలలో ఎందుకు ఉండకూడదు?

పాతపుస్తకం:

ఈ ప్రశ్నకు ముందు మరో ప్రశ్న ఉందని మనవి చేస్తాను. ఇంతకు ముందు ఆ నవలల్లో మాట్లాడినది ఎవరు? 1960లో వచ్చి దశాబ్దాలుగా అమెరికా బడుల్లో పాఠంగా ఉన్న ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ను తీసుకోండి. అన్యాయాన్ని ఎదిరించే వాదనంతా తెల్లజాతి వకీలు అట్టికస్ నోట వినిపిస్తుంది, దాన్ని మనకు చెప్పేది ఆయన కూతురు. ఒక తెల్ల అమ్మాయిని చెరిచాడన్న నింద పడిన నల్లజాతి టామ్ రాబిన్సన్ కూడా బోనెక్కి మాట్లాడతాడు, కాని ఆ అమ్మాయి మీద జాలిపడి పనులు చేసిపెట్టానన్న ఒక్క మాటను ప్రాసిక్యూటర్ పట్టుకుంటాడు. నల్లవాడు తెల్లమనిషి మీద జాలిపడడమే అక్కడ నేరమైపోయింది. ఆ కోర్టు గది గురించి బడిలో చర్చ జరిగినప్పుడు పిల్లలకు ముందుగా గుర్తొచ్చేది అట్టికస్ ప్రసంగమే కదా.

కొన్ని అంకెలు కూడా చూద్దాం. 1962 నుంచి 64 వరకు వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలను పరిశీలించిన నాన్సీ లారిక్, వాటిలో 6.7 శాతం పుస్తకాల్లోనే నల్లవారు కనీసం ఒక్కరైనా ఉన్నారని 1965లో రాశారు. సుమారు యాభై ఏళ్ల తర్వాత, 2014లో, నవలాకారుడు వాల్టర్ డీన్ మయర్స్ పిల్లల పుస్తకాల్లో నల్లవారు ఎక్కడన్న ప్రశ్నను మళ్లీ న్యూయార్క్ టైమ్స్‌లో అడగవలసివచ్చింది, అంతకు ముందు ఏడు వచ్చిన 3,200 పుస్తకాల్లో నల్లవారి గురించినవి 93 మాత్రమే. ఇంతకాలానికి ఆ పిల్లలు తమ కథను తామే చెప్పుకునే అవకాశం వస్తే, ‘మాట్లాడకపోయినా ఫరవాలేదు’ అని మనం అనడం తొందరపాటు కాదా?

గ్రంథపాలిక:

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టార్ బొంకిన పేజీని నేను మరచిపోయాను, ఒప్పుకుంటున్నాను. ఆ అమ్మాయి కూడా దాన్ని దాటేసి ఉంటుంది, ఎందుకంటే చివరి యాభై పేజీల్లోని అగ్గీ పొగా ముందు అంత చిన్న అబద్ధం ఎవరికి గుర్తుంటుంది?

బార్బరా జాన్స్ విషయంలో మాత్రం నిప్పురవ్వ గారు కథను సగంలో ఆపారు. సమ్మె తర్వాత ఆమె క్షేమం కోసం భయపడి తల్లిదండ్రులు ఆమెను ఆలబామాలో ఉన్న తండ్రి సోదరుడు వెర్నన్ జాన్స్ దగ్గరికి పంపించారు. తీర్పు వచ్చాక, నల్లపిల్లలను తెల్లపిల్లలతో కూర్చోబెట్టడం ఇష్టం లేని ఫార్మ్‌విల్ ప్రాంతపు కౌంటీ (జిల్లా వంటిది) 1959 నుంచి 1964 వరకు ప్రభుత్వ బడులనే మూసేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి వెలిసింది, నల్లపిల్లల్లో చాలామందికి ఏ బడీ లేకుండా పోయింది. మాట్లాడినందుకు చెల్లించిన మూల్యంలో ఈ ఐదేళ్లూ ఉన్నాయి. మెగాఫోన్ దగ్గర ముగిసే నవల ఈ ఐదేళ్లను పిల్లలకు చెప్పదు.

పాతపుస్తకం గారి మాట నన్ను ఆలోచింపజేసింది. మాట్లాడే హక్కును తీసెయ్యమని నేను అనడం లేదు. చూస్తూ ఊరుకున్నవాళ్లను కూడా అదే ప్రశ్న అడిగే నవలలు కావాలంటున్నాను. జేసన్ రేనాల్డ్స్, బ్రెండన్ కైలీ కలిసి 2015లో రాసిన ‘ఆల్ అమెరికన్ బాయ్స్’ అటువంటిది. దుకాణంలో ఒకామె తట్టుకుని రషాద్ అనే నల్లకుర్రవాడి మీద పడితే, అతన్నే దొంగగా అనుమానించి పోలీసు చితకబాదుతాడు. దాన్ని చూసిన తెల్లకుర్రవాడు క్విన్‌కు ఆ పోలీసు దాదాపు తండ్రిలాంటివాడు. అతను మాట్లాడాలా వద్దా అన్నదే సగం నవల.

నిశితం:

అక్కడే నాకు పేచీ ఉంది. రషాద్ ఆసుపత్రి మంచం మీద ఉండగా, సగం పేజీలు ఒక తెల్లకుర్రవాడి మనస్సాక్షికి ధారపోశారు. అట్టికస్‌ను ముందు తలుపు గుండా పంపించి, వెనుక తలుపు గుండా మళ్లీ పిలవడం కాదా ఇది?

నిప్పురవ్వ:

నిశితం గారూ, అట్టికస్‌కు తన తప్పు అనేదేదీ లేదు, క్విన్‌కు ఉంది. అతను చూశాడు, పారిపోయాడు, చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. తెల్ల పాఠకుడికి అతను అద్దమే కాని ఆదర్శం కాడు. అదీగాక ఆ నవలలో నన్ను ఎక్కువగా కదిలించిన ఘట్టం క్విన్‌ది కాదు, రషాద్ తండ్రిది. ఆయన ఒకప్పుడు పోలీసు. తానే ఆయుధం లేని ఒక నల్లకుర్రవాడిని కాల్చానని కొడుకు మంచం పక్కన కూర్చుని చెబుతాడు. ఆ ఒప్పుకోలు నల్లజాతి కుటుంబంలోనే, నాలుగు గోడల మధ్య జరుగుతుంది, దానికి మెగాఫోన్ లేదు, జనం లేరు.

గ్రంథపాలిక గారూ, మీ దగ్గరికి వచ్చిన ఆ అమ్మాయికి వాల్టర్ డీన్ మయర్స్ ‘మాన్‌స్టర్’ ఇచ్చి చూడండి. 1999లో వచ్చింది. హత్యకేసులో విచారణ ఎదుర్కొంటున్న పదహారేళ్ల స్టీవ్ హార్మన్ తన కథనంతా సినిమా స్క్రిప్టులా రాసుకుంటాడు. బోనెక్కి మాట్లాడతాడు, జ్యూరీ నిర్దోషి అంటుంది. ఆ ఆనందంలో అతను తన వకీలును కౌగిలించుకోబోతే ఆమె బిగుసుకుపోయి, పక్కకు తిరిగి కాగితాలు సర్దుకుంటుంది. గెలిపించిన మనిషి కంట్లోనే తాను ఏమిటో అతనికి తెలియకుండా పోయింది. మాట్లాడడం వల్ల ఏం వస్తుంది, ఏం రాదు అన్నదాన్ని ఇంతకంటే నిజాయితీగా చూపించిన పేజీ నేను చదవలేదు.

గ్రంథపాలిక (మూడు వారాల తర్వాత):

నిప్పురవ్వ గారూ, ‘మాన్‌స్టర్’ ఇచ్చాను. ఆ అమ్మాయి నాలుగు రోజుల్లో చదివి, మధ్యాహ్నం విరామంలో వచ్చి కూర్చుంది. వకీలు ఎందుకు తిరిగిపోయిందని అడిగింది. నాకు తోచింది చెబితే ఒప్పుకోలేదు. వకీలుకు స్టీవ్ మీద అనుమానం వల్ల కాదు, గెలిచాక వకీలు పని అయిపోయింది కనుకనే తిరిగిపోయిందని వాదించింది. విరామం ముగిసేదాకా ఆ ఒక్క దృశ్యం మీదే మాట్లాడుకున్నాం. తన ‘ఆ రోజు’ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

లేచే ముందు, స్టార్ తనకు ఖలీల్ తెలియదని చెప్పే పేజీ తీసి చూపించాను. ఇది నేను చదివినట్టే గుర్తు లేదంది. నిలబడే రెండుసార్లు చదివి, పుస్తకాన్ని మళ్లీ తన పేర రాయించుకుని వెళ్లింది.