‘టర్న్ ఆఫ్ ఇట్’ అంటే తప్పేంటి?

ప్రశ్న:
ఈ అప్, ఆఫ్, అవుట్‌లతో నా బుర్ర తిరుగుతోందండి. ‘టర్న్ ఆఫ్ ద లైట్’, ‘టర్న్ ద లైట్ ఆఫ్’ రెండూ ఒప్పేనట, కానీ మీటింగ్‌లో ‘టర్న్ ఆఫ్ ఇట్’ అన్నానో లేదో పక్కాయన నవ్వేశాడు. మరి ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ ఎలా ఒప్పయింది?

జవాబు 1:
ఇక్కడ ‘ఆఫ్’ క్రియతో జతకట్టిన ముక్క. కర్మగా ఇట్, దెమ్ లాంటి సర్వనామం వస్తే మధ్యలో దూర్చాల్సిందే: టర్న్ ఇట్ ఆఫ్, పిక్ దెమ్ అప్. ‘ఆఫ్టర్’ అలా కాదు, అది ప్రిపొజిషన్, మన విభక్తి లాంటిదే కాకపోతే పేరుకి ముందొస్తుంది, అందుకే ‘ఇట్’ దాని వెనకే ఉండాలి.

జవాబు 2:
దీనికంటే పెద్ద తలనొప్పి ఇలాంటి క్రియల్నుంచే పుట్టి, ఒకే మాటగా కలిపి రాసే నామవాచకాలు. మనం ‘బ్యాకప్ తీశా’, ‘లాగిన్ అయ్యా’, ‘సెటప్ చేశా’ అంటాం కదా, అంటే నామవాచకాన్ని తెచ్చుకుని మన క్రియ తగిలిస్తాం, ఆ అలవాటుతోనే ఇంగ్లిష్‌లో క్రియని కూడా కలిపి రాసేస్తాం (నేనూ ఏళ్ల తరబడి ఈమెయిల్స్‌లో అలాగే రాశాను, ఎవరూ చెప్పలేదు!). క్రియ అయితే బ్యాక్, అప్ విడివిడిగా రాయాలి. పలికేటప్పుడు కూడా తేడా ఉంది: క్రియలో మామూలుగా ‘అప్’ మీద గట్టిగా నొక్కుతారు, నామవాచకంలో ‘బ్యాక్’ మీద.

జవాబు 3:
ఆ నామవాచకాల్లో ‘అవుట్’ లాంటి ముక్క క్రియకి ముందుకొస్తే అర్థమే మారిపోవచ్చు. జైలు నుంచి పారిపోతే బ్రేకవుట్, జబ్బు ప్రబలితే అవుట్‌బ్రేక్. పేజీ అమరిక లేఅవుట్, పెట్టే ఖర్చు అవుట్‌లే.

ప్రశ్న అడిగినవారు:
అయ్యో, నిన్ననే ‘ప్లీజ్ లాగిన్’ అని కలిపి రాసి పంపేశా!