హౌస్‌సర్జన్సీలో వార్డు ఎగ్గొట్టి స్టెప్ 2 చదవడం తప్పా?

ప్రశ్న (ఇంటర్న్, బెంగళూరు)
అన్నలూ, అక్కలూ, మాది అనంతపురం. బెంగళూరులో ఎంబీబీఎస్ అయిపోయి హౌస్‌సర్జన్సీలో ఉన్నాను. అమెరికాలో డాక్టరుగా చేరడానికి రాసే యూఎస్‌ఎంఎల్‌ఈలో స్టెప్ 1 పాసయ్యాను. దాని తర్వాతి పరీక్ష స్టెప్ 2 సీకేకి కూర్చుందామంటే రోజంతా డ్యూటీకే సరిపోతోంది. మా బ్యాచ్‌లో కొందరు పోస్టింగ్‌కి రారు, లాగ్‌బుక్‌లో సంతకాలు మాత్రం చేయించుకుంటారు. ఏడాది కలిసి రావాలంటే అదొక్కటే దారి అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

జవాబు (స్టెప్ 2 రాసిన సీనియర్, బెంగళూరు)
నేను వాళ్లని తప్పుపట్టను. 2022 జనవరి నుంచి స్టెప్ 1కి స్కోరు లేదు, పాసో ఫెయిలో అంతే. అందుకే ఇప్పుడు భారమంతా స్టెప్ 2 స్కోరు మీద పడింది. ఒకసారి పాసైతే, మార్కులు తక్కువొచ్చాయని మళ్లీ రాయనివ్వరు కూడా. ఇంటర్న్‌తో చేయించేదేమిటి? రక్తం తీయడం, శాంపిళ్లు ల్యాబ్‌కి మోయడం, డిశ్చార్జి సమ్మరీలు రాయడం. రాత్రంతా క్యాజువాలిటీలో నిలబడి పొద్దున్నే 40 ప్రశ్నల ప్రాక్టీసు బ్లాకు ముందేసుకుంటే బుర్ర పనిచేయదు. అప్పు చేసి చదివించిన ఇంట్లోవాళ్లకి ఏం చెప్పాలి?

జవాబు (బ్రిటన్‌లో డాక్టరుగా చేరడానికి ప్లాబ్ పరీక్ష రాసిన అక్క, చెన్నై)
తమ్ముడూ, శాంపిళ్లు మోయించడం మీద ఆయన కోపం న్యాయమే. నాకూ ఉంది. అంతమాత్రాన వార్డే మానేస్తే ఎలా?

ప్లాబ్ మొదటి పేపరు 180 ప్రశ్నలు, 3 గంటలు. అది చెన్నైలోనే రాశాను. రెండోది మాంచెస్టర్‌లో, 16 స్టేషన్లు (ఒక్కో చోట ఒక్కో రోగి కేసు), ఒక్కోదానికి 8 నిమిషాలు. జబ్బు పేరు చెప్పేస్తే సరిపోదు, రోగితో ఎలా మాట్లాడావు, ఎంత విన్నావు అన్నదానికి విడిగా మార్కులుంటాయి. దానికి నాకు పాఠం చెప్పింది ఏ కోచింగూ కాదు, మా వార్డుకి చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఇన్సులిన్ వేసుకుంటున్నారా అని తమిళంలో అడిగితే తలూపుతున్నాడు. షుగర్ మాత్రం దిగదు. నేను పక్కన కూర్చుని, "తాతా, ఇంట్లో మందు ఎక్కడ పెడుతున్నావు?" అని తెలుగులో అడిగాను. "ఫ్రిజ్ లేదమ్మా, ఎండకి చెడిపోయుంటుందని పారేశా" అన్నాడు. ఆ తర్వాత మందు గురించి ఏ రోగిని అడిగినా నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

అమెరికాకి ఇదంతా అక్కర్లేదనుకోకు. రోగిని చూసే తీరుని పరీక్షించే స్టెప్ 2 సీఎస్‌ని 2021లో ఎత్తేశారు గానీ, విదేశాల్లో చదివిన డాక్టర్లకి అక్కడ కావాల్సిన ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ కోసం ఓఈటీ మెడిసిన్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయాల్సి వస్తోంది. అందులో స్పీకింగ్ అంటే రోగితో మాట్లాడే రోల్‌ప్లేలే.

ఇంకోటి. రానివాళ్ల డ్యూటీ వచ్చినవాళ్ల నెత్తినే పడుతుంది. మా యూనిట్లో ఇద్దరు రాని ఒక రాత్రి, ఒక రోగికి పొటాషియం ప్రమాదకరంగా ఉందన్న రిపోర్టు వచ్చి టేబుల్ మీదే ఉండిపోయింది. చూసే తీరిక ఎవరికీ లేదు. తెల్లవారుజామున పీజీ చూసి పరుగెత్తారు. రోగి బతికాడు. నేను మాత్రం ఆ రాత్రిని మర్చిపోలేదు.

జవాబు (సీనియర్)
అక్కా, ఆ పొటాషియం సంగతికి నా దగ్గర సమాధానం లేదు. ఊరికే సంతకాలు చేయించుకోవడం తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా స్టెప్ 2 ఊసే ఎత్తొద్దంటే ఒప్పుకోను. చదువు అయిపోయి ఏళ్లు గడిచేకొద్దీ అమెరికాలో రెసిడెన్సీ (అక్కడి పీజీ లాంటిది) ఇంటర్వ్యూలకి పిలిచేవాళ్లు తగ్గిపోతారు.

జవాబు (అక్క)
రాయొద్దని నేను అనలేదు బాబూ. తమ్ముడూ, మెడిసిన్, సర్జరీ, గైనిక్ నడుస్తున్నన్నాళ్లూ రోజుకి 20 ప్రశ్నలు చాలు, అవీ పొద్దున వార్డులో చూసిన కేసుల మీదే చెయ్యి. కమ్యూనిటీ మెడిసిన్‌లో సాయంత్రాలు దొరుకుతాయి, పెద్ద బ్లాకులు అప్పుడు పెట్టుకో. ఏడాదికి సెలవులు 15 రోజులే. పండక్కి ఊరెళ్లి ఖర్చు చేయకుండా పరీక్ష ముందుకి దాచుకో. డేట్ తీసుకునే ముందు నీ పోస్టింగ్ చార్ట్ ఇక్కడ పెట్టు, ఏ నెల కుదురుతుందో అందరం కలిసి చూద్దాం.