గిట్ లోతుగా నేర్చుకుంటే నిజంగా లాభం ఉందా?

కొత్తబగ్:
మా టీములో అందరికీ తెలిసిన గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) మూడే ముక్కలు: యాడ్ (మార్పుని ఎంచడం), కమిట్ (దాన్ని చరిత్రలో సేవ్ చేయడం), పుష్ (సర్వర్‌కి పంపడం). రీబేస్ (మన కమిట్లని వేరే కమిట్ మీద మళ్ళీ పేర్చడం) మధ్యలో ఇరుక్కుంటే ఫోల్డర్ డిలీట్ చేసి మళ్ళీ క్లోన్ కొడతారు, అంటే సర్వర్ నుంచి మొత్తం కాపీ తెచ్చుకుంటారు. "పని నడుస్తోంది కదా, ఇంకెందుకు" అంటారు. లోతుగా నేర్చుకుంటే ఏం ఒరుగుతుంది?

పాతటెర్మినల్:
ఆ డిలీటే కొంప ముంచేది. రీఫ్లాగ్ (మీరు ఏ కమిట్ నుంచి ఏ కమిట్‌కి కదిలారో గిట్ రాసుకునే చిట్టా) మీ మెషీన్‌లోనే ఉంటుంది, క్లోన్‌లో రాదు. అంటే కాపాడేదాన్నే చేతులారా చెరిపేస్తున్నారు.

రీబేస్ ఇంకా నడుస్తుంటే గిట్ రీబేస్ --అబార్ట్ చాలు. అయిపోయాక తప్పని తెలిస్తే గిట్ రీఫ్లాగ్ కొట్టి, రీబేస్ స్టార్ట్ అన్న లైనుకి కింది లైను హ్యాష్ (కమిట్ గుర్తింపు కోడ్) తీసుకుని దాని మీద కొత్త బ్రాంచ్ (కమిట్ల వరుసకి పెట్టే పేరు) పెట్టండి. కంగారుపడి రీసెట్ --హార్డ్ కొట్టొద్దు. అది కమిట్ చేయని మార్పుల్ని చెరిపేస్తుంది, అవి రీఫ్లాగ్‌లో ఉండవు. యాడ్ చేసినవైతే గిట్ ఎఫ్‌ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్‌లో (గిట్‌లో అనాథగా మిగిలినవాటిని వెతికే కమాండ్) దొరకొచ్చు, కానీ ఫైలు పేర్లు ఉండవు, తెరిచి చూసుకోవాల్సిందే. ఏ బ్రాంచ్‌కీ అందని రీఫ్లాగ్ ఎంట్రీలకు డిఫాల్ట్ గడువు 30 రోజులు, మిగతావాటికి 90.

రాత్రిషిఫ్టు:
నన్నడిగితే ముందు నేర్చుకోవాల్సింది బైసెక్ట్ (కమిట్లని సగానికి సగం తగ్గిస్తూ బగ్ తెచ్చినదాన్ని వెతికే కమాండ్). 1000 కమిట్లలో బగ్ ఎక్కడ దూరిందో దాదాపు 10 టెస్టుల్లో తేలుతుంది. గిట్ బైసెక్ట్ స్టార్ట్ అని, చెడ్డ కమిట్ ముందు, మంచిది తర్వాత ఇచ్చి, గిట్ బైసెక్ట్ రన్‌కి ఒక స్క్రిప్ట్ అప్పజెప్పండి. స్క్రిప్ట్ ముగుస్తూ ఎగ్జిట్ కోడ్‌గా 0 ఇస్తే మంచి, 1 నుంచి 127 దాకా చెడ్డ, ఒక్క 125 మాత్రం "దీన్ని వదిలెయ్".

జనం దెబ్బతినేది ఇక్కడే. బిల్డ్ కాని కమిట్‌కి 1 ఇస్తే నేరం దాని మీద పడుతుంది, కాబట్టి బిల్డ్ ఫెయిలైతే 125 ఇవ్వాలి. ఇంకోటి, స్క్రిప్ట్‌ని రెపోలో (గిట్ చూసుకునే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో) కమిట్ చేసి పెడితే పాత కమిట్‌కి వెళ్ళగానే అదే మాయమవుతుంది. బయట ఫోల్డర్‌లో పెట్టండి. అయ్యాక గిట్ బైసెక్ట్ రీసెట్.

కొత్తబగ్:
మేం పీఆర్‌లన్నీ (పుల్ రిక్వెస్ట్, మన మార్పుల్ని కలపమని పెట్టే అభ్యర్థన) స్క్వాష్ చేస్తాం, అంటే ఒక్కోదానిలోని కమిట్లన్నీ ఒకటే కమిట్‌గా కలిపేస్తాం. అప్పుడూ పనికొస్తుందా అన్నా?

రాత్రిషిఫ్టు:
వస్తుంది, కానీ 2000 లైన్ల పీఆర్ దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి కళ్ళతోనే వెతకాలి. పీఆర్‌లు చిన్నవి చేయండి. గిట్ యాడ్ -పీతో ముక్కలుగా యాడ్ చేసి, కమిట్‌కి ముందు గిట్ స్టాష్ --కీప్-ఇండెక్స్ కొట్టి (యాడ్ చేయని మార్పుల్ని పక్కన పెడుతుంది) టెస్టులు నడపండి. లేకపోతే సగం మార్పు కమిట్‌లోనూ సగం మీ డిస్క్ మీదా ఉండి, మీ దగ్గర మాత్రమే పాసవుతుంది.