రెండో తరగతి పిల్లలతో అర్జీ రాయించడం తప్పా?

నల్లరేగడి:
మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లె బడి. జాతీయ చిహ్నాల పాఠం అయిపోయినాక పిల్లలతో పంచాయతీకి అర్జీ రాయించినా. "మా బడి కొళాయిలో నీళ్లు రావడం లేదు, బాగు చేయించండి" అని. అందరూ కింద పేర్లు రాసినారు. పేరు రాయడం రానోళ్లు నెమలి బొమ్మ వేసినారు. మరుసటి రోజు ఊరి పెద్దమనుషులు వచ్చి, "జనగణమన నేర్పమంటే రాజకీయం నేర్పుతావా?" అన్నారు. మీరేమంటారు?

బురుజు_సెంటర్:
నేను రిటైరైన హెడ్మాస్టరుని. ఏడేళ్ల పిల్లలకు అర్జీలెందుకమ్మా? ఆ వయసులో నోటికి నేర్పిందే నిలుస్తుంది. "భారతదేశం నా మాతృభూమి" రాసింది మన తెలుగాయన, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, 1962లో, విశాఖలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్నప్పుడు. ఠాగూరు జనగణమనను ఇంగ్లీషు చేసింది 1919లో, మన సీమలోని మదనపల్లెలోనే. ఇవి తెలీకుండానే డిగ్రీ దాకా పోతున్నారు. జాతీయ జంతువు పులి, పక్షి నెమలి, ఆట హాకీ. ముందు ఇవి రావాల.

కడప_నాయిన:
హాకీ జాతీయ క్రీడ కాదు సార్. 2012లో ఒక పాప సమాచార హక్కు కింద అడిగితే, ఏ ఆటనూ అట్ల ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖే రాసిచ్చింది.

బురుజు_సెంటర్:
1928 నుంచి 1956 దాకా ఒలింపిక్స్‌లో వరసగా ఆరు బంగారు పతకాలు తెచ్చిన ఆట. కాగితం మీద లేకపోతే ఏమి?

కడప_నాయిన:
కాగితం మీద లేనిదాన్ని పరీక్షలో ఎట్ల అడుగుతారు? మా పాప "ఏదీ లేదు" అని రాస్తే సున్నా వేసినారు. పోయి అడిగితే గైడులో హాకీ అనే ఉందన్నారు.

తుంగభద్ర:
హాకీ ఇంక వదిలేయండప్పా. అర్జీ సంగతి మాట్లాడండి.

ఆదోని_అక్క:
మా పక్క పంటలు పోతే ఇళ్లకు తాళాలేసి గుంటూరు దిక్కు పత్తికీ మిరపకాయ కోతకూ పోతాం. పిల్లోళ్లు మాతోనే. మావాడు తిరిగొచ్చినాక ప్రతిజ్ఞ అప్పజెప్పలేకపోయినాడని జెండా కర్ర కాడ ఎండలో నిలబెట్టినారు. ఆగస్టు పదిహేను వస్తే వానికి ఇప్పటికీ కడుపునొప్పే. వానికి ఏం నేర్పినట్టు సార్?

బురుజు_సెంటర్:
ఎండలో నిలబెట్టడం తప్పమ్మా, దాన్ని నేను సమర్థించను. ఒకరు అట్ల చేసినారని ప్రతిజ్ఞే మానుకోవాల్నా? ఆ జెండా కోసం మా నాయన జైలుకు పోయినాడు. దాన్ని తెచ్చి కొళాయికి కడతారా?

కడప_నాయిన:
మానమని ఎవరన్నారు సార్? కేరళలో జనగణమనకు లేచి నిలబడి, తమ మతనమ్మకం కొద్దీ పాడని పిల్లల్ని బడి నుంచి తీసేస్తే, తిరిగి చేర్చుకోమని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. గౌరవం బెదిరిస్తే వచ్చేది కాదు.

నల్లరేగడి:
సార్, అసలు సంగతి ఇప్పుడు చెప్తా. అదే అర్జీ నేనొక్కదాన్నే రాసుంటే ఎవరూ వచ్చేవాళ్లు కాదు. కింద మొదటి పేరు ఎస్సీ కాలనీ పాపది. వాళ్లు ముందు అడిగింది, "ఇది ఎవరి పిల్ల?" అని.

తుంగభద్ర:
ఇది మొదటే చెప్పాల్సింది మేడం.

బురుజు_సెంటర్:
అట్ల అడగడం నీచం. అయినా నా మాట నాదే. పెద్దల్ని నిలదీయడం చిన్నప్పుడే అలవాటు చేయడం నాకు నచ్చదు. ముందు విధులు, తర్వాత హక్కులు.

నల్లరేగడి:
విధుల గురించే చెప్తా సార్. 1976లో రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణంలో జెండాను గౌరవించమని ఉంది. ప్రభుత్వ ఆస్తిని కాపాడమనీ, తెలుసుకోవాలనే తత్వం పెంచుకోమనీ అందులోనే ఉంది. బడి కొళాయి ప్రభుత్వ ఆస్తి కాదా? నిలదీయలేదు, "దయచేసి" అనే మొదలుపెట్టినారు.

ఆదోని_అక్క:
కొళాయి బాగైందా మేడం?

నల్లరేగడి:
లేదక్కా. మండల ఆఫీసుకు ఇంకో అర్జీ రాస్తున్నాం.

బురుజు_సెంటర్:
దానికి మొదటి సంతకం మీరు పెట్టండి. ఆ పిల్లను ముందుకు తోయొద్దు.